కమ్మ కోయని తాడిచెట్లు

కొల్లేటి లంకలో మా అమ్మమ్మ ఇంటి వెనుక ఏడు తాడిచెట్లు ఉండేవి. దసరా వెళ్లిందంటే చాలు, ఉగాది దాకా వాటి కమ్మ మీద కత్తి పడడానికి వీల్లేదు. పాక కప్పు కురుస్తున్నా సరే, పక్క ఊరి నుంచి కమ్మ కొనుక్కొచ్చి నేయించేది తప్ప ఆ ఏడు చెట్ల జోలికి ఎవరినీ పోనిచ్చేది కాదు. ఎందుకని అడిగితే ఒకటే మాట. "పురిటికి వచ్చిన ఆడపిల్ల కింద నుంచి మంచం లాగేస్తామా?"

ఆ ఆడపిల్లలు గూడబాతులు, అంటే పెలికాన్లు. నాకు ఊహ తెలిసేనాటికి, అంటే 1970 ప్రాంతంలో, ఒక్కో చెట్టు మొవ్వు దగ్గర మూడు నాలుగు గూళ్లు ఉండేవి. మట్టల మొదళ్ల మధ్య పుల్లలు పేర్చి, పైన నాచు, గడ్డి పరిచి కట్టుకునేవి. అంత పెద్ద పక్షి వచ్చి తాటిమట్ట మీద వాలితే మట్ట విల్లులా వంగి, మళ్లీ లేచేది. కిందనున్న మాకు గాలి తగిలినట్టు ఉండేది. పెద్ద పక్షులు నోరు విప్పడం నేను దాదాపు వినలేదు. అల్లరంతా పిల్లలదే. ఒంటి మీద ఈకలైనా లేని ఆ పిల్లలు తెల్లవార్లూ అరుస్తూనే ఉండేవి. సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడు మొదటి రెండు రాత్రులు నిద్ర పట్టేది కాదు. మూడో రాత్రి నుంచి ఆ అరుపు లేకపోతేనే మెలకువ వచ్చేది.

మేత పెట్టడం చూడాలంటే పశువుల పాక మీదికి ఎక్కాలి. ఒకరోజు మధ్యాహ్నం చిన్న మామయ్య నన్ను భుజాన ఎత్తుకుని పాక వాలు మీద కూర్చోబెట్టాడు. తల్లి వచ్చి వాలింది. ముక్కు పై దవడ అంచున వరసగా సిరా చుక్కలు పెట్టినట్టు మచ్చలు. కింద వేలాడే సంచి లేత గులాబీ రంగులో, తడిసి, ఎండకు మెరుస్తోంది. నోరు తెరవగానే పిల్ల తన తలను, మెడను, ఇంచుమించు రెక్కల దాకా ఆ సంచిలోకి దూర్చేసింది. నాకు భయమేసి మామయ్యను పట్టుకున్నాను. తల్లి పిల్లను మింగేస్తోందనుకున్నాను. లోపల పిల్ల గింజుకుంటుంటే సంచి అటూ ఇటూ ఊగుతోంది. కాసేపటికి తల బయటికి తీసింది. ముఖమంతా జిగట, ముక్కు పక్కన ఒక పరిగె తోక వేలాడుతోంది. ఇన్నేళ్లయినా కళ్లు మూసుకుంటే ఆ తోక కనిపిస్తుంది.

చెట్ల కింద నేల సున్నం చల్లినట్టు తెల్లగా ఉండేది. నీచు వాసన సంగతి చెప్పనక్కర్లేదు. అమ్మమ్మ ప్రతి ఉదయం ఆ మన్ను ఎత్తి సొరపాదుకు, బీరపాదుకు వేసేది. గూటి నుంచి జారిపడిన చేపలను పిల్లులకు వదిలేసేది. వాటిని మనం ముట్టుకోకూడదని ఆమె పట్టుదల.

*

ఆ పక్షులు అక్కడికే ఎందుకు వచ్చేవో తాతయ్య దోనెలో కూర్చున్నాకే నాకు తెలిసింది. రెండు తాటిదొప్పలు జత చేసి కట్టిన దోనె అది. వెనుక నిలబడి తాతయ్య గెడ వేసేవాడు. "కొల్లేరు ఆరు నెలలు చెరువు, ఆరు నెలలు చేను" అనేవాడు. పుస్తకాల్లో చదివిన వివరాలన్నీ ఆ మాటకు వివరణలే అనిపిస్తుంది నాకు.

కృష్ణా డెల్టాకు, గోదావరి డెల్టాకు నడుమ పళ్లెంలా పల్లంగా మిగిలిపోయిన నేల కొల్లేరు. మైలవరం కొండల వైపు నుంచి బుడమేరు, ఏలూరు మీదుగా తమ్మిలేరు, వాటితో పాటు రామిలేరు, గుండేరు, ఇంకా లెక్కకు మించిన కాలువలు, మురుగు డ్రెయిన్లు అన్నీ వచ్చి ఇందులో పడతాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి సముద్రంలో కలుస్తుంది. వచ్చే దారులు ఎన్నో, పోయే దారి ఒకటే కాబట్టి వరద వస్తే నీరు పైకి కాక పక్కకు పరుచుకుంటుంది. సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తు దాకా నిండితే 308 చదరపు కిలోమీటర్లు, పది అడుగుల దాకా నిండితే 901 చదరపు కిలోమీటర్లు. అడుగు ఎత్తు పెరిగితే ఊళ్లకు ఊళ్లు నీటి అంచుకు వచ్చేస్తాయి. అడుగు తగ్గితే కనుచూపు మేర బురద బయటపడుతుంది. లంకల్లోనూ అంచునా కలిపి 122 ఊళ్లు ఈ రాకపోకలను బట్టే బతికేవి.

శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీరు వచ్చేది. లంక చుట్టూ నాలుగు వైపులా నీరే. బడికి దోనె, సంతకు దోనె, పెళ్లికి దోనె. కార్తీకానికి బురద పేరుకుని నీరు తేటపడేది. కలువలు, తామరలు, వాటి నడుమ కిక్కిస దుబ్బులు. అప్పుడే గూడబాతులు చెట్లెక్కేవి. పిల్లలు ఆకలితో అరిచే పుష్య మాఘాలు వచ్చేసరికి నీరు తీయడం మొదలయ్యేది. పరుచుకున్న చేపంతా మడుగుల్లోకి సర్దుకునేది. మార్పులు, ఇంగిలాయిలు, గొరకలు, మట్టగిడసలు, కొర్రమీనులు మోకాటిలోతు నీటిలో కుతకుతలాడేవి. మా వాళ్లు మావులనే చేపల ఉచ్చులు వేసి పట్టుకునేవారు. గూడబాతులు వరస కట్టి, చేపను ఒడ్డుకు తోలి, ఒక్కసారిగా ముక్కులు ముంచేవి. పిల్లకు ఎక్కువ మేత కావలసిన నెలకే కొల్లేరు వాటికి వంట సిద్ధం చేసి పెట్టేది. ఇంత లెక్క ఆ పక్షికి ఎవరు నేర్పారా అని తాతయ్య గెడ ఆపి మరీ ఆశ్చర్యపోయేవాడు.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర నాటికి అంచులన్నీ బురద. ఆ బురద మీద ఎక్కడెక్కడి నుంచో వచ్చిన సన్నకాళ్ల పిట్టలు ముక్కులతో కుట్టుపని చేస్తున్నట్టు తిరిగేవి. వాటికి అంగుళం రెండంగుళాల నీరే కావాలి. కాస్త లోతుకు పోతే కొంగలు, ఇంకా లోతుకు పోతే నామాల కోళ్లు, పరజలనే అడవి బాతులు, నడిమధ్య గూడబాతులు. ఎవరి లోతు వారిది. ఆ తరువాత నేల ఆరి పగిలితే వరి, పశువుల మేత. మళ్లీ తొలకరి.

పరజల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మా ఇంట్లోనే ఒక పెద్దాయన రాత్రిళ్లు వలలు కట్టి పరజలను పట్టేవాడు. కాళ్లు కట్టి, జతలు జతలుగా కావడికి తగిలించి సంతకు తీసుకెళ్లేవాడు. తలలు కిందికి వేలాడుతూ, కళ్లు తెరిచే ఉండేవి. నేనూ తిన్నాను. గూడబాతును ఆడపిల్ల అన్న అమ్మమ్మే పరజ కూర వండింది. మా వాళ్ల మనసులో ఆ రెండింటికీ మధ్య గీత ఎక్కడ ఉండేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

*

నేను అయిదో తరగతిలో ఉన్న ఏడాది మూడు జంటలే వచ్చాయి. మరుసటి ఏడు అవీ రాలేదు. అమ్మమ్మ కార్తీకమంతా సాయంత్రాలు పెరట్లో నిలబడి ఆకాశం కేసి చూసేది.

చాలా ఏళ్ల తరువాత ఇది మా ఇంటి కథ మాత్రమే కాదని తెలిసింది. ఇందుచూడన్ అన్న పేరుతో కేరళలో అందరికీ తెలిసిన పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ 1946లో కొల్లేటి ప్రాంతానికి వచ్చి, ఇక్కడ గూడబాతుల పెద్ద స్థావరం ఉందని లోకానికి చెప్పారు. అప్పట్లో దాదాపు 3,000 పక్షులు ఇక్కడ గూళ్లు కట్టేవి. 1975 ప్రాంతానికి ఆ స్థావరం ఖాళీ అయిపోయింది. ఆ సంవత్సరం అంకె చదివినప్పుడు నా చేతిలో పుస్తకం కాసేపు అలాగే ఉండిపోయింది. అమ్మమ్మ పెరట్లో నిలబడ్డ కార్తీకాలు అవే.

అమ్మమ్మ మాత్రం నియమం మార్చలేదు. పోయేదాకా దసరా నుంచి ఉగాది వరకు కమ్మ కోయనివ్వలేదు. "వస్తే ఎక్కడ దిగుతాయి?" అనేది.

పక్షులు పోయిన కొద్ది కాలానికి చెరువులు వచ్చాయి. మొదట్లో పేద జాలరులకు, దళితులకు సహకార సంఘాలు పెట్టించి ప్రభుత్వమే చెరువులు తవ్వించి ఇచ్చింది. అందులో తప్పు పట్టేది ఏమీ లేదు. వరద ఏడాది పంట పోయి, ఎండ ఏడాది చేప పోయి నలిగిపోయిన జనం వాళ్లు. కానీ చేపల చెరువులో డబ్బుందని బయటివాళ్లకు తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. 1980ల్లో, 90ల్లో లీజుల మీద లీజులు. వందల ఎకరాల చెరువులు, నిలువెత్తు గట్లు, గట్టు మీద లారీ పోయేంత వెడల్పు. కొర్రమీను, ఇంగిలాయి పోయి బొచ్చె, శీలావతి వచ్చాయి. కోళ్ల పెంట లారీలకు లారీలు దిగేది. ఐసు పెట్టెల్లో చేప కలకత్తా పోయేది.

మా నాన్న కూడా తవ్వించారు. అమ్మకు పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన నాలుగెకరాల జిరాయితీ భూమి, ఆ తాడిచెట్ల పక్కనే ఉండేది. 1990లో దాన్ని చెరువు చేశారు. గట్టు తిన్నగా రావాలని ఏడు చెట్లలో నాలుగింటిని కొట్టించారు. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు, అంతకు మించి ఏమీ అనలేదు. ఆ చెరువు డబ్బుతోనే నా చెల్లెలి పెళ్లి జరిగింది, ఇంటికి డాబా పడింది, నేను చేసిన అప్పులు తీరాయి. ఈ మాట దాచిపెట్టి కొల్లేరు గురించి రాసే హక్కు నాకు లేదు.

చెరువంటే నీరే కదా, పక్షికి నష్టమేమిటని చాలామంది అడుగుతారు. నాన్న కూడా అడిగారు. చెరువులో నీరు ఏడాది పొడవునా ఒకే లోతు, నిలువెత్తు. గట్టు గోడలా దిగుతుంది. సన్నకాళ్ల పిట్టకు నిలబడే చోటు లేదు, కొంగకు అడుగు ఆనదు. నీరు తీయదు కాబట్టి బురద లేదు, బురద లేదు కాబట్టి పురుగు లేదు. కలువ లేదు, కిక్కిస లేదు, గూటికి దుబ్బు లేదు. గూడబాతుకు చేప దొరుకుతుంది నిజమే, కానీ ఆ చేపకు యజమాని ఉన్నాడు, అతని చేతిలో టపాసులు ఉన్నాయి. ఇక వరద వచ్చిందంటే పరుచుకోవడానికి చోటు లేక నీరు గట్ల మధ్య ఇరుకున పడి ఊళ్ల మీదికి ఎక్కేది. తాతయ్య చెప్పిన చెరువూ చేనూ రెండూ పోయి, ఎటు చూసినా గట్లే మిగిలాయి.

*

1999లో అయిదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత, లోపలి 308 చదరపు కిలోమీటర్లను పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోకి కొల్లేరు చేరింది. కాగితం మీద ఇవన్నీ జరుగుతుంటే గట్లు పెరుగుతూనే ఉన్నాయి. చివరికి సుప్రీంకోర్టు జోక్యంతో 2006లో చెరువుల గట్లు కొట్టేసే ఆపరేషన్ కొల్లేరు నడిచింది.

మా గట్టు వంతు వచ్చిన రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. నాన్నా నేనూ మిగిలిన మూడు తాడిచెట్ల కింద నిలబడ్డాం. పొక్లెయినర్ తొండం గట్టులో గుచ్చి, పైకెత్తి, పక్కన పోస్తోంది. నాలుగో విసురుకు నీరు సన్నని దారలా వచ్చింది. అయిదో విసురుకు గట్టు దానంతటదే విరిగి పడింది. పదహారేళ్లు నిలబెట్టిన నీరు గుప్పుమని కంపుతో బయటికి దూకింది. నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "మీ అమ్మమ్మ ఉంటే సంతోషించేది" అన్నారు. ఆ మాటలో బాధ ఉందో నిష్ఠూరం ఉందో నాకు తెలియలేదు. మాకు వేరే ఆధారం ఉంది, తట్టుకున్నాం. గట్టు మీద కూలికి పోయే కుటుంబాలు, సంఘం చెరువులో వాటా తప్ప మరేమీ లేని కుటుంబాలు ఆ ఏడాది పడిన ఇబ్బంది చూశాను. పక్షుల కోసం మనుషులను రోడ్డున పడేశారని ఊళ్లో అన్నవాళ్లతో నేను వాదించలేకపోయాను. ఇప్పుడైనా వాదించను. నీరు తిరిగి రావడానికి ఎంత శ్రద్ధ పెట్టారో, ఆ మనుషుల బతుకుతెరువు మీదా అంత శ్రద్ధ పెట్టి ఉండాల్సింది.

గట్టు విరగ్గొడితే కొల్లేరు తిరిగి వస్తుందనుకున్నాం. మొదటి శీతకాలం పక్షులు బాగానే దిగాయి. అయితే విరిగిన గట్టు మన్ను అక్కడే కుప్పలుగా పడి ఉంది. చెరువుల లోతు అలాగే ఉంది. వాన వెలవగానే నీరు ఉప్పుటేరులోకి జారిపోయేది, ఎండల్లో సముద్రపు ఉప్పు పైకి ఎక్కేది. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న మాట దశాబ్దాలుగా నలుగుతూనే ఉంది. గుర్రపు డెక్క కొల్లేటి చాంతాడులా సాగిపోయింది. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించమని శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం పంపిన అజీజ్ కమిటీ కుదింపును సమర్థించలేదు. ఈ లోగా రాత్రిపూట పని చేసే యంత్రాలతో గట్లు ఒక్కొక్కటే మళ్లీ లేచాయి. మా నాలుగెకరాల గట్టు కూడా లేచింది. లీజుకు ఇచ్చింది మేమే.

అదే కాలంలో ఆటపాకలో మరొకటి జరిగింది. కైకలూరు పక్కన దాదాపు 270 ఎకరాల చెరువు అది. గూడబాతులు అక్కడికి వచ్చి చెట్లు వెతుక్కున్నాయి. నీటిలో నిలబడిన చెట్లు పక్షుల బరువుకు, రెట్టకు ఎండి విరిగిపోతుంటే అటవీశాఖ వారు నీటి మధ్య ఇనుప స్టాండ్లు పాతారు. వాటి మీద ఎండు కొమ్మలు అమర్చారు. గూడబాతులు ఇనుమును తప్పు పట్టలేదు. గూళ్లు కట్టాయి, ఎర్రకాళ్ల కొంగలు కూడా పక్కన చేరాయి. నాన్న పోయిన మరుసటి ఏడు అమ్మను అక్కడికి తీసుకెళ్లాను. పడవలో కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒక్క మాట లేకుండా చూసింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగింది. "నీళ్లు తీసినప్పుడు వీటికి మేత ఎక్కడిదిరా? చుట్టూ అన్నీ చెరువులే కదా?"

ఆ ప్రశ్న నన్ను రెండేళ్లు పట్టి ఊపింది. పురిటి మంచం వేశాం, మరి వంటిల్లో?

*

2019లో లీజు గడువు తీరగానే మళ్లీ ఇవ్వలేదు. ఆ నాలుగెకరాలను అమ్మమ్మ నాటి చేనులా చేద్దామని చెబితే మామయ్య కొడుకు నవ్వలేదు. "బావా, గట్టు కొట్టి వదిలేస్తే గుర్రపు డెక్క తప్ప ఏమీ రాదు, 2006లో చూశాం కదా. వాలు చేయాలి" అన్నాడు. చదివింది పదో తరగతే అయినా కొల్లేరు వాడికి అరచేతిలో ఉంటుంది.

పొక్లెయినర్ మూడు రోజులు పనిచేసింది. కాలువ వైపు గట్టును రెండు చోట్ల తెంపి, వరదనీరు దానంతటది లోపలికి వచ్చి, దానంతటది పోయేలా చేశాం. తీసిన మన్నును చెరువులోకే తోసి చదును చేశాం. అంచున చీలమండ లోతు, నడుమ మోకాటి లోతు, ఒక మూల మాత్రం పాత లోతు అలాగే ఉంచాం, వేసవిలో చేప దాక్కోవడానికి మడుగుగా. తాడిచెట్లు ఉన్న వైపు గట్టును కొట్టకుండా దిబ్బగా వదిలి, నల్లతుమ్మ మొక్కలు నాటాం. మళ్లీ తుమ్మలెందుకని ఊళ్లో అడిగారు. కొంగలకని చెప్పాం.

మొదటి ఏడు నిజంగానే గుర్రపు డెక్క కమ్మేసింది. ఊళ్లో ఆడవాళ్లు పన్నెండు మంది వారం రోజులు లాగారు. ఆ వేసవిలో నేలను పూర్తిగా ఎండబెట్టాం. పదహారేళ్ల కోళ్ల పెంట, ఆ తరువాత మళ్లీ పదేళ్ల పెంట పేరుకున్న నేల అది. నెర్రెలు విచ్చినప్పుడు నల్లగా, కంపుగా ఉంది. ఎండ తగిలి తగిలి బూడిద రంగుకు తిరిగింది. రెండో ఏడు ఎవరూ నాటకుండానే కిక్కిస మొలిచింది. ఎక్కడి నుంచి వచ్చిందో విత్తనం, నేలలోనే నిద్రపోయి ఉందేమో. ఒక బుడబుంగ జంట నాచు పోగు చేసి నీటి మీద తేలే గూడు కట్టింది. జంబుకోళ్లు వచ్చాయి. సాయంత్రం చీకటి పడే వేళ చింతవక్కలు "వక్ వక్" అంటూ తల మీదుగా పోతుంటే మామయ్య కొడుకు ఫోను పైకెత్తి నాకు వినిపించేవాడు.

మూడో ఏడు మాఘంలో వెళ్లినప్పుడు నీరు తీస్తోంది. అంచు బురద మీద చెప్పులు విప్పి నడిచాను. కాలికి గరుకుగా తగిలితే వంగి చూశాను. నత్తగుల్లలు. ఒకటి కాదు, చిన్న చిన్న కుప్పలు. ఒక్కటీ పగల్లేదు, లోపల మాంసం మాత్రం లేదు. నోటి దగ్గరి మూత శుభ్రంగా ఊడదీసి ఉంది. ముక్కు మూసుకున్నా నడుమ సందు మిగిలే కొంగ ఒకటి ఉంటుంది, దాని పని ఇది. నత్తను పగలగొట్టకుండా లోపలిది మాత్రం లాగి తింటుంది. ఒక గుల్ల చేతిలోకి తీసుకుని చూస్తే, అంచున వెంట్రుక వాసి గీత. నాలుగెకరాల్లో నత్తలు పుట్టాయి, నత్తల కోసం కొంగలు వచ్చాయి. వాటిని ఎవరూ తెచ్చి వదల్లేదు. నీరు వచ్చి పోయిందంతే. ఆ గుల్ల ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగిన రోజుల్లో ఆ నీరంతా కిందికి, మా మీదికే వచ్చింది. లంకల రోడ్లు మునిగాయి. చుట్టుపక్కల చెరువుల వాళ్లు రాత్రింబగళ్లు గట్ల మీద ఇసుక బస్తాలు వేశారు. మా నాలుగెకరాలకు కాపాడుకోవాల్సిన గట్టు లేదు. నీరు వచ్చింది, నిలిచింది, రెండు వారాలకు తీసింది. అయితే దానితో పాటు వచ్చిన ప్లాస్టిక్ సీసాలు, మురుగు చెప్పలేనంత. ఎగువ పట్టణాల మురుగు ఈ ఏరుల్లోకి రాకుండా ఆపనంత కాలం కింద మేము ఎంత వాలు తీర్చినా సగం పనే అవుతుంది. 77 వేల ఎకరాల అభయారణ్యంలో మా నాలుగెకరాలు ఎంతో నాకు తెలుసు. పక్కన చెరువుల వాళ్ల కోపమూ తెలుసు. ఒక్కో గూడబాతు రోజుకు కిలో పైచిలుకు చేప తింటుంది. అప్పు చేసి పిల్ల వేసినవాడు టపాసు కాల్చకుండా ఎలా ఉంటాడు? అతనికి నష్టం ఇచ్చే ఏర్పాటు లేకుండా అతన్ని తిట్టి లాభం లేదు.

మొన్నటి పుష్య మాసంలో నేను దిబ్బ మీద కూర్చుని ఉన్నాను. మంచు ఇంకా విడలేదు. ఆటపాక వైపు నుంచి వరసగా వచ్చాయి, పద్నాలుగు. మడుగు మూలన దిగాయి, రెక్కలు సర్దుకున్నాయి. అర్ధచంద్రంలా వరస కట్టి అంచు వైపు కదిలాయి, అన్నీ ఒకేసారి ముక్కులు ముంచాయి, ఒకేసారి ఎత్తాయి. సంచుల్లోంచి నీరు కారుతున్న చప్పుడు నాకు వినబడింది. నలభై తొమ్మిదేళ్ల తరువాత ఆ చోట. పావుగంట తిని ఒక్కొక్కటే లేచి, తాడిచెట్ల మీదుగా ఒక చుట్టు తిరిగి, వచ్చిన దారిన వెళ్లిపోయాయి.

వెంటనే హైదరాబాదుకు, అమ్మకు ఫోను చేశాను. ఎనభై రెండేళ్లు ఆమెకు, వినికిడి తగ్గింది. గట్టిగా రెండుసార్లు చెప్పాను.

"చెట్ల మీద వాలాయా?" అంది.

"లేదమ్మా. తిరిగి చూసి వెళ్లిపోయాయి. ఆటపాకలో పిల్లలు ఉన్నాయి కదా."

అవతల కాసేపు మాట లేదు. టీవీ చప్పుడు మాత్రం వస్తోంది. తరువాత అడిగింది.

"ఆ మూడు చెట్ల కమ్మ ఎవరికైనా ఇచ్చారా ఈ ఏడు?"

పాక కప్పుకని నిరుడు ఎవరో కోసుకెళ్లారని మామయ్య కొడుకు చెప్పినట్టు గుర్తు. ఆ మాటే చెప్పాను.

"ఇక కోయనివ్వకండి" అంది అమ్మ. "ఉగాది దాకా."

ఫోను పెట్టేసి మామయ్య కొడుకును పిలిచాను. వాడు కత్తి పట్టుకుని తుమ్మ కొమ్మలు సరిచేస్తున్నాడు. అమ్మ మాట చెప్పగానే చెట్ల కేసి తలెత్తి చూసి, "సరే బావా, అత్తయ్యతో చెప్పు" అన్నాడు.